మూడో ఎండ ఫోటో

అయినా ఎండ ఎప్పుడైనా ఎండే కదా, పోయిన నెలదైతే ఏమైంది? మిరపకాయలు అవే, డాబా అదే, చాప అదే. ఫోటోలో తేదీ కనిపించదు. ఒక్క రోజు మానేస్తే జనం మనల్ని మరిచిపోతారు. మరిచిపోతారా? పోతారు. పోకపోతే తను ఫోటో పెట్టి తప్పు చేసినట్టవుతుంది. కాబట్టి మరిచిపోతారు.

రాధారాణి కిటికీ పక్కన కూర్చుని ఇలాగే అనుకుంటోంది. చేతిలో అమ్మ ఫోను ఉంది. బయట వాన. తెల్లవారుజామున మొదలై పదకొండు దాటినా ఆగలేదు. వేసవి సెలవులు కాబట్టి తప్పించుకోవడానికి స్కూలు కూడా లేదు.

అమ్మ మీనాకుమారి ఊరమిరపకాయలు పెట్టి అమ్ముతుంది. గాటు పెట్టిన పచ్చిమిరపకాయల్ని ఉప్పు మజ్జిగలో ఊరబెట్టి, పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేస్తుంది. అయిదు ఎండలు తగలాలి. ఫేస్‌బుక్‌లో పేజీ మాత్రం రాధది. రోజూ పదకొండింటికి డాబా ఎక్కి ఫోటో తీసి, ‘మొదటి ఎండ’, ‘రెండో ఎండ’ అని రాసి పెడుతుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు, పక్క వీధిలో కాకిమాలని పిలిచే బెంగాలీ పిన్నులు, రిటైరై విశాఖపట్నం వెళ్లిపోయిన రైల్వేవాళ్లు అందరూ చూస్తారు. అయిదో ఎండ ఫోటో రాగానే ఆర్డర్లు వస్తాయి. అంతకుముందు ఎవరూ అడగరు. అదొక అలవాటైపోయింది.

ఈ రోజు మూడో ఎండ రావాలి. రాలేదు. అందుకే రాధ పోయిన నెల ఫోటో వెతికి పెట్టేసింది.

రెండు నిమిషాల్లో కింద కామెంటు వచ్చింది. రాసింది సుభాష్‌పల్లిలో ఉండే జ్ఞానరత్నం మామ్మ. పేజీలో మొట్టమొదట చేరింది ఆవిడే.

“రాధా, సుభాష్‌పల్లిలో పొద్దుటినుంచి వాన. మీ డాబా మీద ఎండ ఎలాగొచ్చిందమ్మా?”

రాధ చెవులు వేడెక్కాయి. సుభాష్‌పల్లి ఎంత దూరమని? టోటో బ్యాటరీ రిక్షా ఎక్కితే పది నిమిషాలు. ఈ సంగతి ముందే ఎందుకు తట్టలేదు? కామెంటు తీసేసింది.

కాసేపటికి మళ్లీ వచ్చింది. “నా ప్రశ్న ఏమైపోయిందమ్మా?”

రాధ మామ్మని బ్లాక్ చేసింది. చేశాక గది మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

పక్కింటి కిరణ్మయి చేతిలో చెంబుతో, గొడుగు ముడుస్తూ గుమ్మంలోకి వచ్చింది. “ఏటే, మీ డాబాకి సూర్యుడు వేరేనా? మాకూ కొంచెం పంపొచ్చు కదా. మా అమ్మ బట్టలు ఆరట్లేదు.”

“మెల్లిగా మాటాడు,” అంది రాధ.

“మీ అమ్మకి తెలీదా?”

రాధ లోపలి గది వైపు చూసింది. కిరణ్మయి నవ్వు ఆపేసి, చెంబులో ఇంత మజ్జిగ పోయించుకుని వెళ్లిపోయింది.

అప్పుడు ఫోను మోగింది. తెర మీద ‘జ్ఞానరత్నం మామ్మ’ అని వచ్చింది. పేజీలో బ్లాక్ చేస్తే ఫోను ఆగదు మరి. రాధ ఫోనుని దిండు కింద పెట్టింది. దిండు కింద అది ఇంకా గట్టిగా మోగుతున్నట్టనిపించింది.

“ఎవరే?” లోపలి గదిలోంచి అమ్మ అడిగింది.

“కంపెనీవోలమ్మా.”

ఇది రెండో అబద్ధం. కాదు, కామెంటు తీసెయ్యడం కూడా లెక్కే. బ్లాక్ చేయడం? రాధ లెక్కపెట్టడం మానేసింది.

“ఇటు రా, సాయం సెయ్యి.”

లోపల ఫ్యాను కింద పాత చీర పరిచి ఉంది. దాని మీద అమ్మ ఒక్కొక్క మిరపకాయనీ విడివిడిగా పెడుతోంది. గదంతా పులిసిన మజ్జిగ వాసన. అమ్మ ఒకదాన్ని నొక్కి చూసింది. తడి వేలికి అంటింది.

“రేపు కూడా ఇలాగే ఉంటే పారెయ్యాల,” అంది అమ్మ. “ఫోటో పెట్టినావా?”

“పెట్టినాను.”

“మామ్మ ఏటంది?”

“ఏటీ అన్లేదు. ఆవిడ రోజూ ఎందుకమ్మా సూస్తాది? కొనేది అరకిలోయే కదా.”

“పోయినేడు ఎక్కడో కొన్నాది. లోపల తడి ఉండిపోయి సీసా అంతా బూజు పట్టేసినాది. అందుకే మన దగ్గర ఎండలు లెక్కెట్టుకుంటాది. మోకాళ్ల నొప్పులు, మన మెట్లెక్కలేదు కదా. నీ ఫోటోయే సూసుకుంటాది.” అమ్మ తల ఎత్తలేదు. ఇంకో మిరపకాయ తీసుకుంది. “నలుగురికి మన పేజీ సెప్పింది కూడా ఆవిడే.”

రాధ మిరపకాయలు సర్దింది. మామ్మ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఫోనుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూడడం గుర్తొచ్చింది. ఆ చూపు ఇప్పుడు ఎక్కడుందో? ఖాళీ తెర మీదా?

దిండు కింద ఫోను మళ్లీ మోగింది. ఆగింది.

రాధ లేచింది. ఫోను తెచ్చి, ఫ్యాను కింది తడి మిరపకాయల్ని ఫోటో తీసింది. కిటికీ, వాన కూడా అందులో పడ్డాయి. ఫోటో బాగోలేదు, చీకటిగా ఉంది.

“ఇదేటే, ఇప్పుడు మళ్లీనా?” అంది అమ్మ.

“పొద్దున పెట్టింది పోయిన్నెల ఫోటో అమ్మా. మామ్మ అడిగితే బ్లాక్ చేసినాను.”

అమ్మ చెయ్యి మిరపకాయ మీద ఆగిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది రాధకి.

రాధ పాత ఫోటో తీసేసింది. కొత్తదాని కింద రాసింది: ‘ఈ రోజు ఎండ లేదు. పొద్దున పెట్టింది పాత ఫోటో. తప్పు నాది. ఇప్పటికి రెండు ఎండలే.’ వేలు కాసేపు గాల్లో ఆగింది. నొక్కింది. మామ్మని బ్లాక్‌లోంచి తీసింది.

తర్వాత ఆవిడ నంబరు నొక్కి ఫోను చెవికి పెట్టుకుంది. అటు రింగవుతోంది. ఇటు గుండె.

“హలో?” అంది మామ్మ గొంతు.

“మామ్మా, నేను రాధని. మా డాబా మీద కూడా వానే.”