ఎర్రగడ్డ వేరు కొన

"ఏమప్పా గిరీశ్, మీ ఎర్రగడ్డలు కూడా నీ మాదిరే నిద్రపోతాండాయా?"

మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తకుండానే అడిగింది అంబిక. చింతామణి కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం. కణవిభజన ప్రాక్టికల్‌కు ఆమె ఖర్మకొద్దీ గిరీశ్ జత పడ్డాడు. కెంచార్లహళ్ళిలో ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, పండించే ఇంటివాడు కాబట్టి, సీసా నీళ్ళలో గడ్డకు వేళ్ళు మొలిపించి, కోసి ఇచ్చే పని అతనిది. స్లైడు చేసే పని ఆమెది. ఎప్పుడు చూసినా కణాలన్నీ పేర్చిన ఇటుకల్లా పొడుగ్గా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంటాయి. చీలుతున్నది ఒక్కటీ లేదు.

"ఈ రోజూ రాకపోతే మేడం రికార్డులో సైన్ చెయ్యదు. సైన్ లేకుంటే ఎగ్జామ్‌కి కూర్చోనీరు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ నవ్వుతాండావే! ఆ సీసా ఇట్లా తే. నా కండ్ల ముందర కొయ్యి."

గిరీశ్ బ్లేడు తీశాడు. వేళ్ళ కొనలు తుంచి గుట్టుగా సింకులోకి నెట్టి, మిగతా ముక్క ఆమె చేతికిచ్చాడు.

"అయ్యో! కొనలు యాడ పారేస్తాండావ్?"

"నారు నాటేటప్పుడు కొనలు తుంచేస్తాము కదా. చెయ్యికి అదే అలవాటు."

అంబిక తల పట్టుకుంది. "కొనలోనే కదప్పా కణం పెరిగేది, లోపలి క్రోమోజోము దారాలు రెండింతలయ్యేది, రెండుగా చీలేది! పై ముక్క కణాల్లో ఆ పని ఎప్పుడో ముగిసింటాది, ఊరికే సాగుతాయంతే. మేడం బోర్డు మీద గీసి చెప్పలేదా?"

"చెప్పింది."

"అంటే... నీకు తెలుసా?"

గిరీశ్ కిటికీ అవతల చినుకుల్ని చూశాడు. "మొదట్లో తెలీదు, నిజంగా. ఆ మీదట..."

"ఆ మీదట?"

"ఈ స్లైడు వస్తే జతలు మారుస్తారంట."

అంబికకు ఒళ్ళు మండిపోయింది. చెవులెందుకు వేడెక్కాయో మాత్రం అర్థం కాలేదు. కొత్త కొన కోయించి, ఆసిడ్‌లో మెత్తబరచి, రంగు వేసి, బొటనవేలితో అదిమింది.

ఒక కణంలో దారాలు నడుమన బారు తీరాయి. పక్కదానిలో సగం అటు, సగం ఇటు జరుగుతున్నాయి.

"చూడు, చూడు!" అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది. తలలు ఠంగున తగిలాయి.

సుజాతమ్మ మేడం వచ్చి, చూసి, సైన్ చేసింది. "రేపటి నుంచి నువ్వు శశికళతో చెయ్యమ్మా."

గిరీశ్ మొహం వాడిపోయింది.

"వద్దు మేడం," అంది అంబిక గబుక్కున. "ఇతన్ని ఇంకొకరికి అంటగడితే వాళ్ళ రికార్డూ ముణిగిపోతాది. ఈ తలనొప్పి నాకే ఉండనీండి."

మేడం కళ్ళద్దాల పైనుంచి ఇద్దరినీ చూసి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.

అంబిక గిరుక్కున తిరిగింది. "నవ్వినావంటే చూడు! ముందు ఆ బ్లేడు కడుగు."