వెనక వరుసకు కొసరు

మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాలు గేటు దాటి దూకగానే స్టాండులో జనమంతా లేచి నిలబడ్డారు. అమరనాథ్ ఒక్కడే లేవలేదు.

పక్కనున్న వైకుంఠం అతని చెవి వెనక చిన్న ఎర్రటి చుక్క చూశాడు. సూది. విషం. వేల కళ్లున్న చోట ఒక్క కన్ను కూడా ఇటు చూడని క్షణం ఎంచుకున్నారు. పని తెలిసినవాళ్లే.

అమరనాథ్ పెదవులు కదిలాయి. "గుర్రాలు కాదన్నా... కార్లు. వెనక వరుస..."

అంతే.

వైకుంఠం అతని కళ్లజోడు సరిచేసి, తలను కుర్చీకి ఆనించాడు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఇన్నేళ్ల స్నేహం ఇచ్చేస్తే రెండు మాటలు చేతికొచ్చాయి. అన్యాయమైన బేరమే. కాని వచ్చిన సరుకును పాడుచేసుకోకపోవడం తప్ప దుకాణదారుడు చేయగలిగింది లేదు.

పత్తర్‌గట్టిలో అతను ముత్యాల వ్యాపారి. ఢిల్లీలోని ఒక ఫైలులో ఏజెంట్ టి-నైన్; అమరనాథ్ కూడా ఆ ఫైలు మనిషే. దుకాణం తండ్రి ఇచ్చింది. రెండోది తనే కొని తెచ్చుకున్నాడు.

లాల్‌దర్వాజాలో ఒక అద్దె ఇంట్లో విమలాదేవి పిల్లలకు సంగీతం చెబుతుంది. దక్షిణాది ఆపరేషన్స్ చీఫ్ ఆమేనని ఆ సందులో ఎవరికీ తెలియదు. వైకుంఠం తలుపు తట్టాడు.

"బస్రా మాల్ వచ్చిందా?"

"వానల తడిసిందట," లోపలి నుంచి సంకేతపు జవాబు.

తలుపు తెరుచుకుంది. గోడవార హార్మోనియం ఉంది. దాని మూత కింద వైర్‌లెస్ సెట్.

"అమరనాథ్ పోయిండు మేడమ్."

"తెలిసింది. కూసో." ఆమె తలుపు గడియ వేసింది. "డిఫెన్స్ ల్యాబ్ల కెల్లి రాడార్ మైక్రోఫిల్మ్ పోయింది. కొట్టేసింది కోబాల్ట్ రింగ్ గూఢచారి ముఠా. వాళ్ల మనిషి క్లైన్ ఈడనే ఉన్నడు. రేసింగ్ టీం మేనేజర్ వేషం. పాత రన్‌వే మీద ఐతవారం ఇంటర్నేషనల్ మోటార్ రేస్ ఉన్నది గదా, దాని కమిటీల నువ్వున్నవు."

"కప్పు ఇస్తనంటే చేర్చుకున్నరు."

"గ్రిడ్‌ల, అంటే స్టార్ట్ గీత కాడ, ఇరవై కార్లకే జాగ. క్లైన్‌వి రెండు కార్లు బయట మిగిలినయి. గ్రిడ్ ఇరవై రెండుకు పెంచాలని లొల్లి వెడుతున్నడు. ఎందుకంటవ్?"

వైకుంఠం దగ్గర జవాబుంది. "స్టార్ట్ అయిన కార్లే ఆ సాయంత్రం చార్టర్ విమానం ఎక్కుతయి. కస్టమ్స్ వాళ్లు సీలేసి పంపుతరు, విప్పరు. స్టార్ట్ కానియి బొంబాయి రేవుకు పోతయి. ఆడ నట్టు నట్టు విప్పుతరు."

"మరింకేం. రేపు ఓటింగ్‌ల వద్దను."

"వద్దంటే ఫిల్మ్ ఇంకో తొవ్వ వడ్తది. ఆ తొవ్వ మనకు తెల్వది. గిరాకిని గడప కాడనే పొమ్మంటే ఏ దుకాణానికి పోతడో ఏమెరుక? లోపటికి పిలిచి గద్దె మీద కూసోబెట్టాలె."

"సోదా చెయ్యరాదు, యాదుంచుకో. ఫిల్మ్ ఎక్కడ దాస్తున్నడో క్లైన్ ఒక్క సురయ్యాకే చెప్తడు. పోలీసులు ముట్టుకున్నరంటే, చెప్పిందెవరో వాడికి మరుక్షణమే తెలుస్తది."

సురయ్యా క్లైన్ సెక్రటరీ. తను కొనుక్కున్న మనిషని క్లైన్ నమ్మకం. ఆమె విమలాదేవి మనిషి.

"లెక్క తప్పితే?" అడిగింది విమలాదేవి.

"సురయ్యా చస్తది. ఎన్కాల నేను."

తూకపు రాళ్లు చదివినట్టు చెప్పాడు. ఆమె హార్మోనియం మూత సరిచేసి, "పో," అంది.

కమిటీలో గ్రిడ్ పెంచాలని ఇద్దరు, వద్దని ఇద్దరు ఎదురెదురుగా నిలిచారు. ప్రెసిడెంటు అజ్మత్ అలీ వద్దన్నవాళ్లలో ఒకడు.

"రన్‌వే చూడు మియా! వెనక రెండు కార్లు మొరం మీద నిలవడ్తయి. నాలుగు టైర్లు జారితే ఎవరు జిమ్మేదార్? తేజ్ బండికి సుస్తు బండి అడ్డమొస్తే అది రేసా, బారాతా?"

"కొత్త టీములు రావద్దా సాబ్?" అవతలివాళ్లు లేచారు. "ఎప్పుడూ ఆ ఇరవై మొఖాలేనా?"

అందరూ వైకుంఠం వైపు తిరిగారు.

"పత్తర్‌గట్టిల ఒక్కటే దుకాణముంటే ఎవడొస్తడు?" అన్నాడతను. "పది మంది పక్కపక్కన కూసుంటేనే అది బజార్. కొత్తోనికి జాగ ఇయ్యకుంటే పాతోడు కూసున్నకాడనే నిద్రవోతడు. పెంచుదాం. కార్లు పెరిగితే మంటల భయం గూడ పెరుగుతది. ఆ బందోబస్తు నాకిడిసిపెట్టున్రి."

"ఖర్చు?"

"దుకాణం పెట్టుకుంటది."

"కబూల్!" అన్నాడు అజ్మత్ అలీ వెంటనే.

తను చెప్పింది తనే నమ్మాడని బయటికొచ్చాక వైకుంఠానికి తట్టింది. సంతోషం మాత్రం వేయలేదు.

మర్నాడు ఇరానీ హోటల్ నుంచి బాబూమియా ఎప్పటిలాగే రెండు చాయ్‌లు పెట్టిపోయాడు. రెండోది రోజూ ఎదురు కుర్చీలో కూర్చునే అమరనాథ్‌ది. అతను పోయాడని బాబూమియాకు తెలియదు. అది అట్లాగే చల్లారింది.

అప్పుడు వచ్చారు వాళ్లు. ముందు సురయ్యా, ఆకుపచ్చ షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. వెనక క్లైన్.

"గ్రిడ్‌లో చోటు దొరికింది. సార్‌కు మంచి హారం కావాలట," అంది సురయ్యా. కళ్లద్దాలు తీయలేదు.

వైకుంఠం తెల్ల రుమాలు తీసి తన కుడి చేతి మీద పరిచాడు. సురయ్యా చెయ్యి దాని కిందికి దూరింది.

"ఇదేమిటి?" క్లైన్ ముందుకు వంగాడు.

"ముత్యాల బజారు పద్ధతి సాబ్. ధర నోటితో చెప్పం. వేళ్లు చెప్పుకుంటయి. పక్కోనికి తెల్వదు."

క్లైన్ నవ్వాడు. సురయ్యా తండ్రి ముత్యాల దలాల్. ఈ భాష ఆమెకు చిన్నప్పుడే వచ్చు. కాని ఇవాళ వేళ్లకు వేరే అర్థాలు, ముందే అనుకున్నవి. బొటనవేలు పెట్రోల్ ట్యాంకు. చూపుడువేలు సీటు. మధ్యవేలు స్టీరింగు. ఉంగరపు వేలు టైరు. సురయ్యా చిటికెన వేలు పట్టుకుని గట్టిగా నొక్కింది.

మంటలార్పే ఎర్ర సిలిండరు. ప్రతి కారులో డ్రైవరు పక్కన ఒకటి ఉంటుంది. కార్ల దగ్గర తిరగడానికి అడిగి తీసుకున్న మంటల బందోబస్తు ఇంకా బాగా పనికొస్తుంది.

"గా ధరకు గిట్టదు బీబీ," అన్నాడు వైకుంఠం పైకి.

"గిట్టకుంటే పోతం. ఇంకో దుకాణం లేదా ఏంది?"

బేరం కుదిరింది. క్లైన్ హారంలోని ముత్యాలన్నీ ఒక్కొక్కటే దీపం కింద తిప్పి చూశాడు. వైకుంఠం డబ్బా లోంచి ఒక విడి ముత్యం తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఇది?"

"కొసరు సాబ్. ఊరికెనే."

క్లైన్ దాన్ని చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

వైకుంఠం అది చూశాడు.

ఆదివారం రన్‌వే మీద కార్లు జంటలుగా నిలిచాయి. చివరి జంట మొరం మీద. సైరన్ మోగింది. మెకానిక్కులు, మేనేజర్లు గోడ అవతలికి వెళ్లిపోయారు. రూలు కఠినం. సైరన్ తర్వాత గ్రిడ్‌లో అడుగుపెట్టిన టీం కారు, సీటు వదిలిన డ్రైవరు కారు స్టార్ట్ కానట్టే లెక్క.

మైకులో అజ్మత్ అలీ గొంతు. "గ్రిడ్ పెంచిన సందర్భంగా ప్రతి డ్రైవరుకు కొత్త సిలిండరు కానుక! పాతది మార్షల్ చేతికి ఇవ్వాలి!"

తెల్లకోటు, టోపీ, నకిలీ మీసంతో ఒక మార్షల్, అంటే రేసు కాపలాదారు, బండి తోసుకుంటూ ముందు వరుస నుంచి మొదలుపెట్టాడు. డ్రైవర్లు నవ్వుతూ పాతది ఇచ్చారు, కొత్తది చూడకుండా బిగించుకున్నారు. ఇరవై ఒకటో కారు కూడా ఇచ్చేసింది.

ఇరవై రెండో కారు డ్రైవరు తన సిలిండరును గట్టిగా పట్టుకున్నాడు. ఎందుకో చెప్పకున్నా, ఎవరికీ ఇవ్వొద్దని క్లైన్ చెప్పి ఉంటాడు.

"అక్కర్లేదు."

"తీస్కోండి సాబ్. ఫ్రీ."

డ్రైవరు రెండో చెయ్యి జాకెట్టులోకి పోయింది. పిస్టల్ మొన వైకుంఠం పొట్టకు ఆనింది. భయం వస్తుందేమోనని వైకుంఠం ఆగి చూసుకున్నాడు. రాలేదు.

"కాల్చితే రేసు ఆగుతది. మీ విమానం గూడ ఆగుతది. లెక్క వేసుకోండి," అన్నాడు ఇంగ్లీషులో.

స్టార్టరు జెండా పైకెత్తాడు. డ్రైవరు చూపు జెండా మీదికి, గోడ వైపుకి, వైకుంఠం ముఖం మీదికి పరిగెత్తింది. కాలు క్లచ్ మీదికి చేరింది. జెండా కిందికి ఒరుగుతుండగా అతని పట్టు సడలింది. వైకుంఠం సిలిండరు లాగేశాడు. కారు మొరం చిమ్ముతూ పోయింది.

రేసు సాగుతుండగా, స్టాండు వెనక లారీలో పాత సిలిండర్ల గుట్ట పక్కన వైకుంఠం దుకాణంలోలాగే మఠం వేసుకుని కూర్చున్నాడు. మీసం తీసేశాడు. ఎక్కువసేపు పట్టలేదు. సురయ్యాను వెంటబెట్టుకుని క్లైన్ వచ్చాడు.

"అరే, ముత్యాలాయన! మా సిలిండరు ఒకటి తిరిగి కావాలి. పాత వస్తువు, అలవాటు."

"తీస్కోండి సాబ్. అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. మీది ఎట్ల గుర్తువడ్తరు?"

క్లైన్ వెతకలేదు. గుట్ట అడుగు నుంచి, అంచు మీద సన్నటి గీత ఉన్నదాన్ని నేరుగా లాగాడు. ఫిల్మ్ ఎక్కడుందో తనే చూపించాడు.

"శుక్రియా," అన్నాడు వైకుంఠం, కఫ్‌లింకులోని ముత్యం నొక్కుతూ. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. లారీ చుట్టూ ఉన్న మార్షళ్ల కోట్ల కింది నుంచి ఖాకీ చొక్కాలు బయటపడ్డాయి.

క్లైన్ పిస్టల్ తీశాడు. వైకుంఠం చేతికందిన సిలిండరు పిన్ను లాగాడు. తెల్లటి నురగ క్లైన్ కళ్లు, నోరు, సూటు కప్పేసింది. తూటా ఆకాశంలోకి పోయింది.

"అయ్యో, మా సార్‌ను చంపుతున్నరు!" అని సురయ్యా గుండెలు బాదుకుంది. పోలీసులు ఆమెకూ బేడీలు వేశారు. నురగలోంచి క్లైన్ జాలిగా చూసింది ఆమె వైపే.

మూడో రోజున బుర్ఖాలో ఒక గిరాకి దుకాణం మెట్లెక్కింది. ముసుగు తీస్తే సురయ్యా.

"ఇరవై రెండో కారు ఎన్నోది వచ్చిందో తెలుసా భాయ్? ఆఖరుది."

"అజ్మత్ అలీ ఫోన్ చేసిండు. వచ్చేసారి ఇరవై ఆరు కార్లు చేద్దామా అని."

"ఏమన్నవ్?"

"పెంచుకోండి, వెనక వరుస మాత్రం నాకిడువున్రి అని చెప్పిన."

ఆమె నవ్వింది. అతను నవ్వడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. బాబూమియా వచ్చి ఎప్పటిలాగే రెండు చాయ్‌లు పెట్టిపోయాడు.

"నేనొస్తనని ఆయనకెట్ల తెలుసు?" అంది సురయ్యా. అతని చూపు ఎదుటి ఖాళీ కుర్చీ మీద ఆగడం చూసి, ఆమె కప్పు అందుకోబోయి ఆగిపోయింది. "ఇది... అమరనాథ్ భాయ్‌దా?"

వైకుంఠం కప్పు ఆమె ముందుకు జరిపాడు.

"తాగు. కొసరనుకో."