మూడో పాట తర్వాత చప్పట్లు

“పదకొండు పేర్లు,” అన్నాడు చీఫ్ కృష్ణసామి. “శుక్రవారం సాయంత్రం ఐదు దాటితే పదకొండు శవాలు.”

ఏజెంట్ వెళ్ళైసామి తలూపాడు. పైన తిరుగుతున్న ఫ్యాను గది వేడిని ఒక మూల నుంచి ఇంకో మూలకు జాగ్రత్తగా మోస్తోంది. చెన్నైలో ఆ మేడ మీది గదికి బయట ‘కొబ్బరిపీచు ఎగుమతి సలహా కేంద్రం’ అని బోర్డు ఉంటుంది. లోపల ఉండేది సెక్షన్ సెవెన్ అనే గూఢచారి విభాగం. 1996 మే నెలలో ఆ సెక్షన్‌లో మిగిలింది ఒక చీఫ్, ఒక ఏజెంట్, ఒక గ్రామఫోను.

చీఫ్ ఒక నల్ల రికార్డును గ్రామఫోను మీద పెట్టి ముల్లు దించాడు. వాన చప్పుడు, జనం కేకలు, ఇనుప డబ్బాలో పిడుగులు పోసి ఊపినట్టు గిటార్లు.

“ది బ్రాస్ పెలికన్స్. రాక్ బ్యాండ్. వానలో ఇచ్చిన కాన్సర్ట్. పాపం, వాళ్ళకి ఈ రికార్డు ఉన్న సంగతే తెలీదు. ఎవడో జనంలో నిలబడి దొంగచాటుగా టేప్ చేశాడు. బూట్‌లెగ్ అంటారు.”

“చాలా గట్టిగా ఉంది సార్.”

“టేపా?”

“పాట.”

మూడో పాట అయిపోయింది. చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య ఎవడో సన్నగా ఈల వేశాడు. పొట్టి ఈల, పొడుగు ఈల, మళ్ళీ పొట్టి.

“మోర్స్ కోడ్,” అన్నాడు చీఫ్. “ఇది టెస్ట్ కాపీ, రెండు పేర్లే ఉన్నాయి. అసలు దాంట్లో పదకొండు. విదేశాల్లో మనకు పనిచేసేవాళ్ళందరూ. రూడీ అనే విదేశీయుడు పాత రికార్డు ప్రెస్‌ను తుక్కు కింద కొని, విరుదునగర్ దగ్గర మూడు వందల కాపీలు కొట్టించాడు. పోస్టులో కొనేవాళ్ళు అరుదైన రికార్డులు పోగుచేసే మూడు వందల మంది కలెక్టర్లు. వాళ్ళలో ఏడుగురు కలెక్టర్లు కారు.”

“మాస్టర్ టేప్?”

“కాల్చేశారు. అచ్చు కరిగించేశారు. రెండో కాపీ ఎవరి దగ్గరా ఉండకూడదని వాళ్ళ రూల్. ఆ మూడు వందలూ పోతే అంతా పోయినట్టే.”

“పోకపోతే?”

“అప్పుడూ అంతా పోయినట్టే. మనవైపు నుంచి.”

“మనవాళ్ళను వెనక్కి పిలవలేమా సార్?”

“పిలిచే రేడియో చెడిపోయి రెండు నెలలు. బాగుచేసేవాడు సెలవులో ఉన్నాడు.” చీఫ్ ఒక చీటీ ముందుకు తోశాడు. “టెస్ట్ కాపీలో ఉన్న రెండు పేర్లు.”

రెండో పేరు సుబ్బురాజ్.

వెళ్ళైసామి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుబ్బురాజ్ అతని చెల్లెలి భర్త. ఆరేళ్ళ కిందట ఈ పనిలో చేర్చింది తనే. చెల్లెలు పట్టమ్మాళ్‌కు మాత్రం, బావకు ఓడలో వంటవాడి ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. అప్పటి నుంచి నాలుగు నెలలకొక ఉత్తరం సెక్షన్ సెవెన్ ద్వారా కోవిల్పట్టి చేరుతోంది. ప్రతి ఉత్తరంలోనూ ఓడలో ఏ కూర వండాడో ఉంటుంది. ఆ కూరలు కల్పించేది వెళ్ళైసామే.

“రూడీ సెక్రెటరీ దేవిప్రియ మనకు ఎనిమిది నెలలుగా సమాచారం ఇస్తోంది,” అన్నాడు చీఫ్.

“ఆమె మన మనిషేనా సార్?”

“సోమ, బుధవారాల్లో.”

శుక్రవారం పొద్దున ఎనిమిదికి విరుదునగర్ బస్టాండులో మిరపకాయల వ్యాపారి వేషంలో దిగాడు వెళ్ళైసామి. వేషానికి చెవి మీద ఒక పెన్సిలు, చంకలో ఒక సంచి. బెల్టులో ఉక్కుతీగ రంపం. జేబులో సెక్షన్ వారి స్పెషల్ అగ్గిపెట్టె, ఒక్క పుల్ల గీస్తే గది మొత్తం అంటుకోవాలి. ఇంకో జేబులో పిస్తోలు.

కోడ్ వర్డ్ చెన్నైలో తయారైంది. “ఈ పాల్కోవా యాడిది?” అని తను అడగాలి. “శ్రీవిల్లిపుత్తూరుది,” అని జవాబు రావాలి. ఈ జిల్లాలో పాల్కోవా గురించి అడిగితే ఏ మనిషైనా అదే జవాబు చెబుతాడన్న సంగతి చెన్నైలో ఎవరికీ తోచలేదు. మొదట ఒక కండక్టరు ఆ మాట చెప్పాడు. తర్వాత ఒక ముసలాయన చెప్పి, ఏ కొట్లో కొనాలో కూడా చెప్పి, తన మనవరాలి పెళ్ళి సంగతి మొదలుపెట్టాడు. మూడో మనిషి నల్ల కళ్ళద్దాలు, గులాబీరంగు సిల్కు చీర, మడమ ఎత్తు చెప్పులు. బస్టాండులోని మగవాళ్ళందరూ అప్పటికే ఆమెవైపు తిరిగి ఉన్నారు. గూఢచారికి కావలసిన లక్షణాల్లో ఎవరి కంటా పడకపోవడం ఒకటని దేవిప్రియకు ఎవరూ చెప్పినట్టు లేదు.

“సరుకు మిరపకాయల గిడ్డంగిలో ఉంది,” అందామె. “మూటల వెనకాల. రండి.”

గిడ్డంగి చీకటిగా ఉంది. వెళ్ళైసామి పదహారు మూటలు లాగాడు. పదిహేడోది లాగుతుంటే తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

“దేవిప్రియా!”

“ఏమీ అనుకోకండి,” అందామె తలుపు అవతలి నుంచి, నిజంగానే నొచ్చుకుంటున్నట్టు. “ఈరోజు శుక్రవారం.”

ఉక్కుతీగ రంపం తలుపు చెక్కలో అర అంగుళం దిగి తెగింది. వెళ్ళైసామి మిరపఘాటుకు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, తుడుచుకున్న చేతికే మిరపపొడి ఉందని తెలిసి ఇంకా తుడుచుకుంటూ గంటలు గడిపాడు. పిస్తోలు మూటల్లో ఎక్కడో జారిపోయింది. వెతికితే చేతికి ఒక అట్ట తగిలింది. చదరంగా, నల్లగా, మీద వానలో తడుస్తున్న పెలికన్ బొమ్మ. రికార్డు కవరు. లోపల ఖాళీ, శాంపిల్ కోసం అంటించింది.

తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో దాన్ని తిప్పి చూశాడు. మూత అంచున నీలం ఛాయ. పసై అనే మైదా జిగురులో మైలుతుత్తం కలిపితే వచ్చే రంగు అది. పురుగు పట్టకుండా కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలకు ఇంట్లో పెట్టెలు అంటించి ఇచ్చే ఆడవాళ్ళందరూ కలుపుతారు. కానీ ఆ అంచు పొడవునా చిన్న చిన్న అలలుగా నొక్కులున్నాయి. వేలితో నొక్కిన నొక్కులు కావవి. చేతి గాజు అంచుతో నొక్కినవి. అలా నొక్కేది అతని తల్లి. ఆమె తర్వాత అలా నొక్కడం తెలిసింది ఈ లోకంలో ఒక్కరికే.

భర్త చావును మూడు వందల కవర్లలో పెట్టి మూత అంటిస్తున్నది పట్టమ్మాళ్.

రెండున్నరకు మూటల కోసం వచ్చిన కూలీ మనిషి మూక్కమ్మాళ్ గడియ తీసింది. లోపల ఎర్రటి కళ్ళతో మనిషి కనబడేసరికి ఒకడుగు వెనక్కి వేసింది.

“ఎవురయ్యా నువ్వు? మిరక్కాయల్లో పండుకునేదానికి వచ్చినావా?”

“కోవిల్పట్టికి బస్సెప్పుడమ్మా?”

“మూడుకి ఉండాది. మొగం కడుక్కోని పో. పిల్లకాయలు జడుసుకుంటారు.”

బస్సు సాత్తూరు దగ్గర టైరు మార్చుకుంది. రెండు పక్కలా నల్లరేగడి నేల నోళ్ళు తెరుచుకుని ఉంది. కత్తిరి ఎండలు, ఏడాది మొత్తంలో అన్నిటికన్నా మండే రోజులు. బస్సు కిటికీ ఊచను పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. వెళ్ళైసామి గడియారంలోని ట్రాన్స్‌మిటర్‌లో చెన్నైని పిలిచాడు. తిరునెల్వేలి రేడియోవారు పత్తి తెగులు గురించి మాట్లాడారు.

నాలుగూ నలభైకి కోవిల్పట్టిలో చెల్లెలి వీధి మలుపు తిరిగాడు. ఇంటి ముందు లారీ ఇంజను ఆడుతోంది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఎర్రగా కాలిన మొహంతో రూడీ, చేతిలో కలర్ సోడా, ఒళ్ళో మడిచిన పేపరు. పక్కన దేవిప్రియ. అరుగు మీద ఇరవై ఐదేసి కట్టిన పన్నెండు కట్టలు.

“అన్నా!” పట్టమ్మాళ్ పసై చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “సెప్పకుండా వచ్చినావే! కన్నులేమి ఇట్ట ఎర్రగుండాయి? ఏడ్చినావా?”

“మిరపకాయలమ్మా.”

“నీకేమిటికి మిరక్కాయల యాపారం? కొబ్బరిపీచు ఏమాయె?” ఆమె గొంతు తగ్గించింది. “మీ బావ జాబు వచ్చిందా? పంగుని నెలలో రావాల్సింది. ఇంకా రాలే.”

“వస్తుంది.”

“పోయిన జాబులో చేపల పులుసు చేసినానని రాసినాడు. ఆయనకి చేపల వాసనే పడదు కదన్నా. ఓడలో మనిషి అంత మారిపోతాడా?”

వెళ్ళైసామి చూపు కట్టల మీదికి పోయింది. రూడీ నవ్వుతూ పేపరు కొంచెం జరిపాడు. దాని కింద పిస్తోలు గొట్టం.

“మిస్టర్ కొబ్బరిపీచు,” అన్నాడు ఇంగ్లీషులో. “కూర్చోండి. మీ చెల్లెలి పనితనం చాలా బాగుంది. ఆమెకేమీ కాకూడదని నేనూ కోరుకుంటున్నాను.”

నాలుగూ యాభై. తూత్తుక్కుడి రేవుకు గంటన్నర దారి. లారీ కదిలిందంటే కంటైనరు, కంటైనరు కదిలిందంటే ఓడ. వెళ్ళైసామి అరుగు మీద, కట్టలకు చేరువగా కూర్చున్నాడు. మెల్లగా జేబులో చెయ్యి పెట్టి స్పెషల్ అగ్గిపెట్టె తీశాడు. కట్టలూ తనూ కలిసి కాలితే చాలు. చెల్లెలిని లోపలికి పంపాలి.

“పట్టూ, కాస్త నీళ్ళు తే.”

ఆమె లోపలికి వెళ్ళింది. అతను పుల్ల గీశాడు. వెలగలేదు. రెండోది. మూడోది. బస్సు చెమటకు పెట్టె మొత్తం నాని ఉంది. చెన్నైలో చేసిన అగ్గిపుల్ల కోవిల్పట్టిలో వెలగకపోవడం చూసి లారీ డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. పక్కింటి పెద్దావిడ పెరియనాయగి గుమ్మంలోంచి జాలిగా అంది: “ఏ కంపెనీది నాయినా అది? మాది కావాల్నా?”

రూడీ చెయ్యి చాచి పెట్టెను తీసుకుని దూరంగా విసిరేశాడు.

వెళ్ళైసామి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతా అయిపోయింది. నీళ్ళ చెంబుతో వచ్చిన చెల్లెలిని చూసి, ఇక రాబోయే ఉత్తరంలో ఏ కూర రాయాలా అని ఆలోచించాడు.

“ఒక్క నిమిషం,” అన్నాడు రూడీ. “లోడ్ చేసే ముందు ఒకటి విని చూడాలి. అది రూల్.”

దేవిప్రియ చేతిపెట్టె లాంటి రికార్డు ప్లేయరు తెరిచింది. రూడీ ఒక కవరు మూత చించి రికార్డు బయటికి లాగాడు. లాగి, అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

రికార్డు నూనెలో వేసిన అప్పళంలా ఉంది. ఒక వైపు పైకి లేచి, ఇంకో వైపు కిందికి వాలి, నడుమ గిన్నెలా గుంటపడి.

ప్లేయరు మీద పెట్టాడు. ముల్లు ఎగిరి అవతల పడింది. మళ్ళీ పెట్టాడు. జనం చప్పట్లు పడవలో కూర్చుని ఊగుతున్నట్టు ఒకసారి మూలిగి, ఆగిపోయాయి. ఈల లేదు. రూడీ రెండో కట్ట విప్పాడు. ఐదో కట్ట. పన్నెండో కట్ట. అప్పళాలు.

“ఏం చేశావు?” అని అరిచాడు. ఆ మాటను దేవిప్రియ మెల్లగా తెలుగులో చెప్పింది.

పట్టమ్మాళ్ బెదిరిపోయింది. “నేనేమి చేసినా? ప్లేటు లోపల పెట్టి మూత అంటించమంటిరి, అంటించినా. పసై ఆరాల కదా? పైన మొట్టమాడి మీద పరిచి పది గంటల నుంచి ఎండలో పెట్టినా. ఆరకుండా కట్ట కడితే ఊడిపోదా?”

“ఎండలో పెట్టమని ఎవరు చెప్పారు?” రూడీ ప్రశ్నను దేవిప్రియ అందించింది.

“దానికి ఒకరు సెప్పాల్నా?” పెరియనాయగి గుమ్మంలోంచి అందుకుంది. “అంటించింది ఎండలో పెట్టకుండా గంపలో పెట్టి మూస్తామా? ఊరంతా అట్టే చేస్తుండాది. నీ ఊర్లో ఎట్ట ఆరబెడతారు, ఊది ఆరబెడతారా?”

రూడీ ఊళ్ళో ఎండ అనేది జనం సెలవు పెట్టి వెతుక్కుంటూ పోయే వస్తువు. అది మేడ మీద, నల్లటి కవర్లలోని ప్లాస్టిక్ ప్లేట్లను, కత్తిరి రోజుల్లో ఏం చేస్తుందో అతనికి తెలిసే అవకాశం లేదు. లేచి నిలబడ్డాడు. పేపరు జారి కిందపడింది. కట్టలు విప్పే తొందరలో పక్కన పెట్టిన పిస్తోలు మాత్రం అక్కడ లేదు. దేవిప్రియ చేతిలో ఉంది. గొట్టం రూడీ వైపు తిరిగి ఉంది.

“నేను మీ మనిషిని,” అంది వెళ్ళైసామితో, కళ్ళద్దాలు తీసి.

“ఈరోజు శుక్రవారం కదా?”

“టైమ్ ఐదు దాటింది.”

పోలీసులు వచ్చి రూడీని తీసుకెళ్ళారు. వంగిన రికార్డులకు ఏ సెక్షన్ పెట్టాలో ఎస్సైకి తెలియక, వీసా గడువు దాటిందని రాసుకున్నాడు. దేవిప్రియ వాంగ్మూలం ఇచ్చి, మధురై బస్సెక్కింది. సోమవారం కనబడతానంది. కనబడలేదు.

పదకొండు మందీ బతికారు. ఆ సంగతి పదకొండు మందికీ తెలియదు. నెలాఖరుకు సెక్షన్ సెవెన్ మూసేస్తున్నామని ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. రేడియో బాగుచేసేవాడు సెలవులోంచి తిరిగి రాలేదు. వాళ్ళను ఇంటికి పిలిచే గొంతు ఇక ఎక్కడా లేదు.

రూడీని తీసుకెళ్ళిన ఆ సాయంత్రం పట్టమ్మాళ్ అరుగు మీద కట్టల మధ్య కూర్చుని ఉంది.

“ఇరవై ఏండ్లుగా అంటిస్తుండా అన్నా. ఒక్క పెట్టె వాపసు రాలే. అమ్మ చెయ్యి నాకు వచ్చిందని అందరూ అంటారు. ఈ పొద్దు మూడు నూర్లు చెడగొట్టినా. మీ బావకి తెలిస్తే ఏమనుకుంటాడు?”

ఆరేళ్ళుగా చెల్లెలికి అబద్ధాలు చెప్పడం వెళ్ళైసామికి ఏనాడూ కష్టం కాలేదు. ఈరోజు ఒక్క నిజం నోటిదాకా వచ్చింది. చెబితే అది ఓడ నుంచి మొదలుపెట్టి చెప్పాలి.

“ఏమీ అనుకోడు,” అన్నాడు. “నాకు తెలుసు.”

“నీకేమి తెలుసు? నువ్వు కొబ్బరిపీచోడివి.” ఆమె ఒక రికార్డును తీసి పసై గిన్నె మీద మూతగా బోర్లించింది. సరిగ్గా సరిపోయింది.

చెన్నైకి రిపోర్టు రాసేటప్పుడు ‘మిషన్‌లో పనిచేసిన ఏజెంట్’ అన్న గడి దగ్గరికి వచ్చాడు వెళ్ళైసామి. పేర్లు జాబితాల్లోకి ఎక్కితే ఏమవుతుందో చూసినవాడు కనుక చెల్లెలి పేరు రాయలేదు. ‘ఎండ’ అని రాశాడు.

సెక్షన్ మూసే ముందు కృష్ణసామి పెట్టిన ఆఖరు సంతకం ఆ కాగితం మీదే. పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్న: ‘వానాకాలంలో ఈ ఏజెంట్ సెలవులో ఉంటాడా?’

వెళ్ళైసామి కిందనే జవాబు రాశాడు: ‘మా కోవిల్పట్టి వైపు వాన పడేంత అదృష్టం లేదు సార్.’