విల్మాట్ దొర మూడు పతకాలు

2009 జూలై 30, గురువారం. అమెరికాలోని నేపర్‌విల్. ఉదయం 10.55.

గాజుపెట్టె తెరిచి ఉంది. లోపల మూడు రిబ్బన్లు మాత్రమే మిగిలాయి. పతకాలు లేవు.

"పోలీసులకు ఫోన్ చేశాను. పావుగంటలో వస్తారు," అన్నారు రాజారావు.

పిలవగానే వచ్చిన ఎదురింటి శ్యామ్‌సుందర్ సి.ఐ.డి.లో డి.ఎస్.పి.గా రిటైరైన వ్యక్తి. పెట్టె మీదికి వంగారు.

"ఎవరివి ఇవి?"

"విల్మాట్ దొరవి. 1909లో గోదావరి జిల్లాకు అసిస్టెంట్ సూపరింటెండెంట్‌గా వచ్చాడు. 1911లో ఢిల్లీ దర్బారు పతకం. 1922లో బందిపోట్లను పట్టుకున్నందుకు కింగ్స్ పోలీస్ మెడల్. 1935లో జూబిలీ పతకం. మూడూ వెండివే. మా తాత ఆయన కింద కానిస్టేబుల్. పదకొండేళ్లు వెతికి సంపాదించాను!"

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"తొమ్మిదిన్నరకు. తర్వాత బజారుకు వెళ్లాను."

"అప్పుడు ఇంట్లో?"

"నా భార్య. బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఈ వినీత్. నిన్ననే వీటిని ఫోటోలు తీశాడు. వేలంలో ఎంత పలుకుతాయని అడిగాడు!"

ఎం.ఎస్. విద్యార్థి వినీత్ ముఖం పాలిపోయింది.

"అంకుల్, ప్లీజ్! ఊరికే అడిగాను. అరెస్ట్ చేస్తే నా వీసా పోతుంది. ఇంకొక్క సెమిస్టరే ఉంది అంకుల్!"

"అదేదో స్టేషన్‌లో చెప్పుకో."

శ్యామ్‌సుందర్ రిబ్బన్లను లెన్స్‌తో పరీక్షించారు. 10.59.

"కుట్లను కత్తెరతో కత్తిరించారు. ఒక్క పోగు కూడా చెదరలేదు. దొంగకు ఇంత తీరిక ఉంటుందా? రాజారావుగారూ, రిబ్బన్ లేకపోతే పతకం విలువ తగ్గుతుందా?"

"సగానికి పడిపోతుంది. పైనున్న నలుపు పోయినా అంతే. నేను గుడ్డతో కూడా తుడవను."

"ఈ సంగతి వినీత్‌కు తెలుసా?"

"తెలుసు. నిన్న నేనే చెప్పాను."

"అమ్ముకునేవాడు రిబ్బన్లు వదిలి వెళ్లడు. ఇవి తడవకూడదని ఎవరో విడదీశారు."

ఆయన నేరుగా వంటగదిలోకి నడిచారు. తువ్వాలు మీద వెండి కుందులు, పళ్లెం, కలశం ఆరుతున్నాయి. సింకు పక్కన విభూతి, గిన్నెలు తోమే పీచు. మర్నాడు వరలక్ష్మీ వ్రతం.

రాజారావు భార్య వసంతలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడింది.

"చెల్లెమ్మా, వెండి తోమడం ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"తొమ్మిది... నలభైకి, అన్నయ్యగారూ."

ఆమె బియ్యం డబ్బాలోకి చెయ్యి పెట్టింది. మూడు బిళ్లలు బయటికి వచ్చాయి. అద్దంలా మెరుస్తున్నాయి. వాటి మీది బొమ్మలో రాజుగారి ముక్కు అరిగిపోయింది.

రాజారావు కుర్చీలో కూలబడ్డారు.

"నల్లబడ్డ వెండి వ్రతం నాడు ఇంట్లో ఉండకూడదని మీ అమ్మగారే చెప్పేవారు. తళతళలాడించి మళ్లీ కుట్టేద్దామనుకున్నాను. బొమ్మ పోయింది. మీరేమంటారోనని భయమేసింది."

"తాకకూడదని తెలియదా?"

"ఎవరు చెప్పారు? నిన్నగాక మొన్న వచ్చిన అబ్బాయికి చెప్పారు. నన్నెప్పుడైనా ఆ గదిలోకి రానిచ్చారా?"

11.09. డోర్‌బెల్ మోగింది.

రాజారావు లేవలేదు. "పోలీసులకు ఏమని చెప్పను? నా పరువేం కాను?" అని గొణిగారు. ఆయన చూపు వినీత్ మీద ఆగింది. వినీత్ ఊపిరి బిగబట్టాడు.

వసంతలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంది. పతకాలు తీసుకుని తనే వెళ్లి తలుపు తెరిచింది.

"దొంగ లేడు సర్. నేనే తోమాను," అంది, వచ్చీరాని ఇంగ్లీషులో.

వినీత్ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.