తెల్లరాళ్ల పొలికలను

పిల్లలూ, మీరెన్నడూ వినని కథ ఇది. తెలిసినంత మేరకే, కల్పించకుండా చెబుతాను.

ఇప్పకొండ కోట చుట్టూ శత్రుసేనలు చీమలబారుల్లా దిగి నలభై దినాలైంది. ఆ సీమలో యుద్ధభూమిని పొలికలను అనేవారు. ఒక నేలను పొలికలను చేయాలంటే ముందు మూడు దినాలు చాటింపు వేసి, జనం గొడ్డూగోదాతో తరలిపోయాక, పొలిమేరల్లో సున్నం పూసిన రాళ్లు పాతేవారు. ఆపైన లోపల మిగిలినవాడు శత్రువే; వాని చావుకు పాపం లేదు.

సేనాపతి నూంకనాయకుడు ఆ ఆచారాన్ని నమ్మి నెరసినవాడు. కనుకనే జొన్నవాగు పల్లెలో శత్రువులు విడిసి ఉన్నారని గన్నమ మంత్రి చెప్పినప్పుడు, చుట్టూ తెల్లరాళ్లు చూసి, మారుమాట లేక నిప్పుబాణాలు వేయించాడు. మంటలు చల్లారాక వెళ్లి చూస్తే శత్రువులతో పాటు ఊరి జనమూ కాలిపోయి ఉన్నారు. ఒక పొయ్యి మీద అంబలికుండ, పక్కన నాలుగు ముంతలు.

కొలువులో అతడడిగింది ఒక్కటే: చాటింపు వేశారా?

"వేస్తే శత్రువులకు వినబడదా, నాయకా? రాళ్లున్నవి గదా, చాలు" అని గన్నమ నవ్వాడు. "ముసలితనాన కత్తి బరువైతే చెప్పండి, జపమాల తెప్పిస్తాం." శత్రువులు చేరబోతున్న కానుగులపాడు చుట్టూ కూడా అప్పుడే రాళ్లు పాతించానన్నాడు. రాజు తల వంచుకున్నాడు.

నూంకనాయకుడు కత్తిని రాజు పాదాల చెంత ఉంచాడు. "ప్రభూ, ఈ దేహం మీ ఉప్పు తిన్నది, చావమంటే చస్తాను. కాని పొలికలను అన్న మాట జనాన్ని తప్పించడానికి పెద్దలు పెట్టినది. జనాన్ని చంపి చేతులు కడుక్కోవడానికి కాదు. నేను కడిగాను, పోలేదు."

తెల్లవారగానే చాటింపు డప్పు మెడకు తగిలించుకుని, కవచం లేకుండా కోట దిగి, కానుగులపాడు వీధివీధినా కొట్టాడు. మొదటి బాణం భుజాన తగిలింది. ఏ పక్షం వేసిందో ఎవరూ చెప్పలేదు. అతడు పుల్లను రెండో చేతికి మార్చుకున్నాడు. కడపటి బండి వాగు దాటేదాకా డప్పు ఆగలేదు.

సాయంత్రం రాజు స్వయంగా వచ్చి నూంకనాయకుని శవానికి మొక్కి, కానుగులపాడు చుట్టూ పాతిన రాళ్లను తన చేతులతో పెకలించాడు. ఇప్పకొండ ఆ నెలలోనే కూలింది. జొన్నవాగు నేలను నేటికీ ఎవరూ దున్నరు. మిట్టమధ్యాహ్నం అటుగా పోయే పశువులు అడుగు వేయక నిలబడిపోతాయంటారు. అక్కడ కాలిపోయినవారి పేర్లు ఎవరికీ తెలియవు, అందుకే చెప్పలేకపోయాను.

ఈ కథను మీ పిల్లలకూ చెప్పండి. ఎవరైనా ఒక నేలను యుద్ధభూమి అన్నప్పుడు, లోపల ఇంకా ఎవరున్నారని ముందుగా అడగమనండి.