సార్జెంటు గారి తోలు ఒర

ఇర్మా హుడాక్ కుర్చీలో కూర్చోకముందే ఏడుపు మొదలుపెట్టింది. డిటెక్టివ్ డీలియా హాస్కెట్ కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపి, ఆఫీసు కిటికీలోంచి యంగ్స్‌టౌన్ వీధిలో కురుస్తున్న మంచును చూస్తూ ఊరుకుంది. అసిస్టెంటు వెర్నన్‌కి అంత ఓపిక ఎక్కడిది?

"ఏం పోయిందమ్మా?" అన్నాడు.

"మా నాన్న రివాల్వర్. సార్జెంటుగా చేసినన్నాళ్లూ ఆయన నడుముకి ఉన్నది. రేపు పోలీసు మ్యూజియంకి ఇవ్వాలి. ఇవాళ తుడుద్దామని బీరువా తీస్తే, అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంది. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, నాన్నది కాదు. నంబరా? ఎప్పుడూ చూసుకోలేదు."

"తాళం ఎవరి దగ్గరుంటుంది?" అంది డీలియా.

ఇర్మా తల దించుకుంది. "నా దగ్గరా, మా తమ్ముడి కొడుకు రూడీ దగ్గరా. అమ్మానాన్నా లేని పిల్లాణ్ణి నేనే పెంచాను. పొద్దుటి నుంచి వాడి మొహం చూడలేకపోతున్నా. నేను అనుమానిస్తున్నానని వాడికి అర్థమైపోయింది, బట్టలు సర్దుకుంటున్నాడు. వాడు తీశాడంటే నా ప్రాణం నిలవదండీ."

"తుపాకీని ఇంకెవరైనా ముట్టుకున్నారా?"

"మంగళవారం డన్‌లెవీ గారు చూశారు. పాత పోలీసు రివాల్వర్లు సేకరించి, ఏది ఎవరి చేతిలో తిరిగిందో ఆరా తీస్తుంటారు. ఆయనకి వాల్‌నట్ రోల్ కేకు కోసి తెద్దామని వంటింట్లోకెళ్లాను. వచ్చేసరికి తుపాకీ లోపల పెట్టేశానన్నారు. చూడకుండానే తాళం వేశాను. ఇవాళ ఫోన్ చేస్తే, ముందు ఇంట్లోవాళ్లని చూసుకోండి అన్నారు."

మధ్యాహ్నానికి అందరూ ఇర్మా ముందుగదిలో ఉన్నారు. రూడీ సంచీతో సహా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. డన్‌లెవీ దర్జాగా సోఫాలో కూర్చున్నాడు. బీరువాలో సార్జెంటు తోలు ఒర ఖాళీగా ఉంది. పక్కన, నూనె రాసిన మెత్తటి గుడ్డలో రివాల్వర్.

"మంగళవారం దీన్ని ఎలా పెట్టారు?" అంది డీలియా.

"ఎలా ఉన్నదాన్ని అలాగే. ఒరలో పెట్టాను. తర్వాత ఎవరు బయటికి తీశారో ఆ కుర్రాణ్ణే అడగండి."

"అలాగా. ఒకసారి పెట్టి చూపించండి."

డన్‌లెవీ రివాల్వర్ అందుకున్నాడు. ఒర దాకా తెచ్చాడు. చెయ్యి ముందుకు పోలేదు. రుమాలు తీసి గొట్టం మీద పడ్డ తన వేలిముద్ర తుడిచాడు, మళ్లీ ఆగాడు.

"ఎందుకండీ అంత అవస్థ?" అని వెర్నన్ నవ్వాడు.

"తోలు చెమ్మ పీలుస్తుంది, తుప్పు..." అని డన్‌లెవీ నాలుక్కరుచుకున్నాడు.

"మీలాంటి వాళ్లెవరూ తుపాకీని తోలులో వదలరు," అంది డీలియా నెమ్మదిగా. "రూడీ మార్చి ఉంటే తాతయ్య అలవాటు ప్రకారం ఒరలోనే పెట్టేవాడు. ఇలా నూనెగుడ్డలో చుట్టడం మీకొక్కరికే తోస్తుంది. ఇంకో మాట. ఈ ఒర ఎడమచేతివాటం వాళ్లు ఎడమ నడుముకి కట్టుకునేది. అక్కడ వేలాడే తుపాకీకి పిడి ఎడమ చెక్క బయటివైపు ఉంటుంది. కారు తలుపులకీ కుర్చీలకీ ఒరుసుకుని అరిగేది అదే. దీనికి కుడి చెక్క అరిగింది. ఇది ఎవరో కుడిచేతి పోలీసుది."

డన్‌లెవీ రివాల్వర్‌ని మళ్లీ నూనెగుడ్డ మీద పెట్టాడు.

"ఇది వేరే ఎవరిదో. సార్జెంటు గారితో జోడీగా పనిచేసిన పోలీసు తుపాకీ మా ఇంట్లో ఉంది," అన్నాడు చివరికి. "రెండూ వరస నంబర్లు, ఒకే రోజు ఇచ్చినవి. వాటిని ఒకచోట చూడాలని ఎన్నేళ్లుగానో వెతుకుతున్నా. మ్యూజియంకి పోతే ఇక కలవవు కదా. సార్జెంటు గారిది బయట నా కారులో ఉంది. ఇంట్లో వదిలి రాలేకపోయా."

వెర్నన్ అతని వెంట వెళ్లి తెచ్చాడు. ఎడమ చెక్క గచ్చులా నున్నగా అరిగి ఉంది. ఇర్మా దాన్ని అరచేత్తో ఒక్కసారి నిమిరి బల్ల మీద పెట్టేసింది. తుపాకీ దొరికిందన్న సంతోషం ఆమె మొహంలో లేదు. గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"రూడీ, నువ్వు తీశావా అని నిన్ను ఒక్క మాటైనా అడగలేదురా. ఊళ్లోవాడి మాట నమ్మాను. తప్పు నాదే."

"అడిగితే చెప్పేవాణ్ణి అత్తా," అన్నాడు రూడీ. సంచీ మాత్రం కింద పెట్టలేదు.

ఇర్మా బల్ల మీది రివాల్వర్‌నీ, తోలు ఒరనీ తెచ్చి అతనికి అందించింది. "రేపు మ్యూజియంలో నువ్వే ఇవ్వాలి. నాకు మొహం చెల్లదు."

వాటిని అందుకోవాలంటే రెండు చేతులూ కావాలి. రూడీ సంచీ కింద పెట్టి, తాతయ్య రివాల్వర్‌ని తోలు ఒరలోకి దించాడు.