కేసెట్ల గోదాంల లాఠీ దెబ్బలు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల, టైర్ల కొట్లు దాటినంక, మూతబడ్డ కేసెట్ల గోదాం ఒకటి ఉండె. రాత్రి పదకొండు దాటితే ఆ సందుల ఎవడూ అడుగు పెట్టకపోతుండె. ఎందుకంటే... లోపల ఎవన్నో కొడుతుంటరు.

ఠప్... ఠప్... అని కర్ర దెబ్బలు. ఎంటనే "సంపకురా నాయినా" అని మొత్తుకునుడు — అదీ మన తెలుగుల! ఓనర్ పనోణ్ణి కొట్టి సంపిండని ఒకడంటడు, పనోడే ఓనర్ని సంపిండని ఇంకొకడంటడు. నేను గిసొంటివి నమ్మెటోణ్ణి కాదు. కానీ నా చెవులతోని విన్న, ఇగ ఏం జెయ్యాలె?

అండ్లకు పోయినోడు మా గ్యారేజీల డెంటింగ్ పని చేసే భూమేశ్. జగిత్యాల దిక్కు మనిషి. వాని నోట విన్నదే మీకు చెప్తున్న.

భూమేశ్ మంచోడే, కానీ ఒక పిచ్చి ఉండె. యాభై ఏండ్ల కిందటి తెలుగు సినిమా, హిప్పీల కామెడీ. కరోనాల మా క్యాంపుల ఎవరో వదిలేసి పోయిన వీసీఆర్ల ఆ కేసెట్ దొరికింది. నలభై సార్లు చూసిండు. నలభై ఒకటోసారి మిషన్ రీలంత నమిలేసింది. అప్పటి సంది బర్ దుబాయ్ల పాత దుకాణాలన్నీ తిరిగిండు. యాడ లేదు. ఇంటర్నెట్ల గూడ లేదు.

"ఏముందిరా అండ్ల?" అంటే సాలు, నా పానం తోడెటోడు.

"అన్నా, మిగిలిన సినిమాలల్ల హిప్పీలను చూసి మనం నవ్వుతం. ఇండ్ల వాళ్లే మనల్ని చూసి నవ్వుతరు. ఇన్‌స్పెక్టర్ లాఠీ తోని కొడ్తడా... కొట్టినకొద్దీ నవ్వుతరు! ఆఖరికి ఆయనకే రొప్పొచ్చి, టోపీ తీసి వాళ్ల నడుమ కూసుంటడు. గసొంటి సినిమాను వారానికే ఎత్తేసిండ్రట. జనాలకు కండ్లు లేవు."

"నీకున్నయి తియ్" అంటుంటి.

పోయినేడు, తెల్లారితే ఆ గోదాం కూలగొడ్తరని తెలిసింది. ఇంకో కేసెట్ ఉంటే అండ్లనే ఉంటది, పొద్దున దాంక ఆగితే ఖలాస్ అన్నడు భూమేశ్. సస్తవురా, పోకురా అని బండ బూతులు తిట్టిన. ఇన్నడా? జాకీ రాడ్ పట్టుకొని పోయిండు.

ఎనక షట్టర్ మోకాలంత లేసి ఉన్నది. పాక్కుంట లోపలికి జొచ్చిండు. చీకటి... బూజు వాసన... మూలకు నీలం వెలుతురు మిణుకు మిణుకుమంటున్నది.

ఠప్!

"సంపకురా నాయినా..."

భూమేశ్ ర్యాకు ఎనక నక్కిండు. "ఎవరది?" అని గుసగుసగ అడిగిండు. దెబ్బలు ఆగలే. ర్యాకుల సందుల నుంచి చూసిండు — జుట్టు భుజాల మీద పడ్డ మనిషొకడు వెలుతురుకు అడ్డంగ నిలవడి, రెండు చేతులతోని కర్ర లేపుతున్నడు. కర్ర దిగినప్పుడల్లా కింద ఎవరో మొత్తుకుంటున్నరు.

వట్టి దయ్యమైతే ఉరికెటోడే. కానీ మన తెలుగోడు కండ్ల ముంగట సస్తున్నడు... భయం పోయి కోపమొచ్చింది. రాడ్ లేపి ఉరికిండు.

మొదటి దెబ్బకు వాని చెయ్యి ఇరిగింది. బొక్క ఇరిగిన సప్పుడు ఇనవడ్డది. రెండోది తలకాయ మీద — వెచ్చటి నెత్తురు భూమేశ్ మొఖం మీద చిల్లింది. మూడోది గురి తప్పి ఏదో అద్దానికి తగిలింది. నీలం వెలుతురు ఆరిపోయింది.

ఠప్! ఠప్! "సంపకురా నాయినా!"

కొట్టెటోడు కింద పడ్డడు... ఐనా కొడ్తనే ఉన్నరు!

భూమేశ్ ఫోన్ లైట్ ఏసిండు. దెబ్బలు తినేటోడు ఎవడూ లేడు. నెత్తుటి మడుగుల ముసలాయన ఒక్కడే. పక్కన చీపురు కర్ర, పగిలిన టీవీ, వీసీఆర్, పెద్ద సౌండ్ బాక్స్. బాక్సులకెళ్లి ఎక్కిరింపు మొత్తుకునుడు, డోలక్ సప్పుడు, నవ్వులు. వీసీఆర్ మీద కేసెట్ అట్ట. అట్ట మీద బెల్ బాటమ్ ప్యాంట్లు, లాఠీ...

అదే సినిమా.

మరి నలభై సార్లు చూసినోడు ఆ సప్పుడు గుర్తువట్టలేదా అని నేనూ అడిగిన. మా రూముల పన్నెండు మందిమి. ఆరుగురు రాత్రి డ్యూటీ చేసి పగలు పంటరు, మిగిలినోళ్లు రాత్రి. వాళ్ల నిద్ర చెడగొడితే తంతరు. అందుకే టీవీ పెడితే సౌండ్ సున్నా — అది మా రూము కానూన్. భూమేశ్ ఆ సినిమా చూసిండు గాని ఏనాడూ వినలే.

ముసలాయన పేరు నయీమ్ అని, నెల్లూరాయన అని పోలీసులు తర్వాత చెప్పిండ్రు. అక్కడే కేసెట్లు కాపీ చేసేటోడట. వీసా అయిపోతే అండ్లనే దాక్కున్నడు. చెవుడు, అందుకే అంత సౌండ్. ఆ చీపురు కర్ర ఇన్‌స్పెక్టర్ లాఠీ — సినిమాతోని పాటు ఆయనా ఆడుతుండె.

భూమేశ్ అంగి విప్పి ఆయన తలకాయకు అదిమి పెట్టిండు. అంబులెన్సుకు ఫోన్ కొట్టిండు. బాక్స్ ఆపబోతే, నయీమ్ చాచా ఇరగని చేత్తోని వాని మణికట్టు పట్టుకున్నడు.

"ఆపబాకయ్యా... ఇప్పుడే, టోపీ తీసేది..."

భూమేశ్ ఏడ్చుకుంట మాఫీ అడిగిండు. మళ్లీ మళ్లీ అడిగిండు. చాచాకు అది ఇనవడలే.

ఆ చీకట్ల, చేతులు నెత్తురై, భూమేశ్ ఆ సినిమా మొదటిసారి విన్నడు. హిప్పీలు పాడుతుంటే, ఇన్‌స్పెక్టర్ గొంతు రొప్పుకుంట వాళ్లతోని కలిసింది. చాచా నవ్విండు. దగ్గు తెర వచ్చింది, నోట్లకెళ్లి నెత్తురు పడ్డది... మళ్ల నవ్విండు.

అంబులెన్స్ వచ్చేసరికి చాచా నవ్వు ఆగిపోయింది. బాక్సుల వాళ్లు నవ్వుతనే ఉన్నరు. భూమేశ్ ఆపలే. పోలీసులొచ్చి ప్లగ్ పీకిండ్రు.